వెబ్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో డిపెండెన్సీ, అనుమతుల చిక్కులు: వరుసగా విప్పే పద్ధతి

బిల్డ్ చేసిన (కోడ్ నుంచి ప్యాకేజీ తయారుచేసిన) కంప్యూటర్లో నిక్షేపంలా నడిచిన ప్యాకేజీ, మరొకరి సర్వర్లోకి వెళ్లగానే తెల్ల పేజీ చూపిస్తుంది. చాలాసార్లు కారణం రెండింటిలో ఒకటి: ప్యాకేజీ ఆధారపడే సాఫ్ట్‌వేర్, అంటే డిపెండెన్సీ, అక్కడ లేదు; ఉన్నా, దాన్ని చదివే లేదా రాసే అనుమతి వెబ్ సర్వర్‌కు లేదు.

ఈ రెండింటినీ ప్యాకేజీలోనే సరిదిద్దాలి. సర్వర్లో చేతితో చేసిన మరమ్మతు ఆ ఒక్క సర్వర్‌కే పనికొస్తుంది, తర్వాతి అప్‌గ్రేడ్‌లో అదీ పోవచ్చు.

ఉదాహరణకు పీహెచ్‌పీలో రాసిన వెబ్ అప్లికేషన్‌ను డెబియన్ (ఒక లైనక్స్ వ్యవస్థ) ప్యాకేజీగా మారుస్తున్నామనుకుందాం. ఉబుంటులోనూ పద్ధతి దాదాపు ఇదే. ఫెడోరా కుటుంబంలో ముఖ్యమైన తేడా ఉన్నచోట విడిగా చెప్పాను. కమాండ్లు, ఫైళ్ల దారులు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి; టైప్ చేసేటప్పుడు అసలు రూపమే వాడండి.

1. ముందు ఖాళీ చోటు సిద్ధం చేసుకోండి

మీ కంప్యూటర్లో ఏళ్ల తరబడి ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలన్నీ ఉంటాయి. ప్యాకేజీ జాబితాలో ఒకటి రాయడం మరిచినా అక్కడ లోపం బయటపడదు. కాబట్టి బిల్డ్‌కు ఒకటి, ఇన్‌స్టాల్ పరీక్షకు ఒకటి, రెండు శుభ్రమైన చోట్లు కావాలి.

బిల్డ్‌కు ఎస్‌బిల్డ్ గానీ పీబిల్డర్ గానీ అనే ఉపకరణం వాడండి. ఇవి కనీస వ్యవస్థతో మొదలై, మీరు ప్యాకేజీ వివరాల్లోని బిల్డ్-డిపెండ్స్ (బిల్డ్‌కు కావలసినవి) గడిలో రాసినవి మాత్రమే తెచ్చుకుంటాయి. ఇన్‌స్టాల్ పరీక్షకు వర్చువల్ మెషీన్ మంచిది. కంటైనర్‌తోనూ పని జరుగుతుంది కానీ, అందులో సిస్టమ్‌డీ (సేవలను మొదలుపెట్టే ప్రోగ్రామ్) నడవకపోతే సేవలు మొదలయ్యే దశలో వచ్చే లోపాలు కనిపించవు.

మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి:

- బిల్డ్ సమయంలో నెట్‌వర్క్ కట్టేసి ఉందా? డెబియన్ ప్రధాన విభాగంలోకి వెళ్లే ప్యాకేజీ బిల్డ్‌లో నెట్‌ను తాకకూడదు. కంపోజర్, ఎన్‌పీఎం, పిప్ వంటి లైబ్రరీలు తెచ్చే ఉపకరణం ఏదైనా డౌన్‌లోడ్‌కు ప్రయత్నిస్తే ఇక్కడే పట్టుబడుతుంది.
- పరీక్ష యంత్రానికి స్నాప్‌షాట్ తీశారా? ప్రతి ప్రయత్నం మళ్లీ మొదటి స్థితి నుంచే జరగాలి.
- పాత వెర్షన్ ప్యాకేజీ చేతిలో ఉందా? అప్‌గ్రేడ్ పరీక్షకు అది కావాలి.

2. లోపం ఏ దశలో వచ్చిందో తేల్చండి

మరమ్మతు మొదలుపెట్టే ముందు దశ తెలియాలి. ఒకే సందేశం వేర్వేరు దశల్లో వేర్వేరు అర్థాలు ఇస్తుంది.

బిల్డ్ ఆగిపోతే బిల్డ్-డిపెండ్స్ చూడండి. తీరని డిపెండెన్సీలు ఉన్నాయని ఏపీటీ (ప్యాకేజీలను డిపెండెన్సీలతో సహా తెచ్చే ఉపకరణం) చెబితే డిపెండ్స్ (నడవడానికి తప్పనిసరైనవి) గడిలోని పేరు లేదా వెర్షన్ పరిమితి తప్పు. ఒక ఫైలు వేరే ప్యాకేజీలో కూడా ఉందంటూ డీపీకేజీ (ప్యాకేజీని విప్పి పెట్టే ఉపకరణం) ఆగితే, సాధారణంగా ఆ ఫైలు ఒక ప్యాకేజీ నుంచి మరొకదానికి మారిందన్నమాట; బ్రేక్స్, రీప్లేసెస్ గడులు రెండూ వెర్షన్‌తో సహా రాయాలి. ఫైళ్లన్నీ విప్పాక కాన్ఫిగర్ దశలో ఆగితే తప్పు సాధారణంగా పోస్ట్‌ఇన్‌స్ట్ (ఫైళ్లు విప్పాక నడిచే) స్క్రిప్టులో ఉంటుంది.

ఇన్‌స్టాల్ సజావుగా ముగిసి పేజీ మాత్రం రాకపోతే లాగ్ తెరవండి. ఫంక్షన్ లేదా క్లాస్ లేదని ఉంటే చాలాసార్లు పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ (పీహెచ్‌పీకి అదనపు సామర్థ్యం ఇచ్చే భాగం) గానీ లైబ్రరీ గానీ కరవైందన్నమాట. అనుమతి నిరాకరణ అని ఉంటే ఎనిమిదో భాగానికి వెళ్లండి.

403 (ప్రవేశం నిషిద్ధం అనే వెబ్ సర్వర్ జవాబు) దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అపాచీ వెబ్ సర్వర్ 403 ఇచ్చిందనగానే ఫైళ్ల అనుమతులు మార్చడం మొదలుపెడతారు. లాగ్‌లో ఏహెచ్01630 ఉంటే అపాచీ కాన్ఫిగరేషనే అడ్డుకుంది, ఫైళ్లకు సంబంధం లేదు. డెబియన్ అపాచీ అప్రమేయంగా (మనం ఏమీ మార్చకపోతే) /యూఎస్‌ఆర్/షేర్, /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డైరెక్టరీలకే తలుపు తీస్తుంది. మీ ఫైళ్లు మరోచోట ఉంటే ఆ డైరెక్టరీకి ప్రత్యేకంగా అనుమతి రాయాలి. ఏహెచ్00035 ఉంటే దారిలోని ఏదో ఒక డైరెక్టరీలోకి ప్రవేశించే హక్కు లేదు. అప్పుడే ఫైల్ వ్యవస్థ వైపు చూడండి.

3. డిపెండెన్సీల జాబితాను మూడు చోట్ల నుంచి తీయండి

మూల ప్రాజెక్టు (అసలు అప్లికేషన్ తయారుచేసినవారు) రాసిన ఇన్‌స్టాల్ సూచనలను నమ్ముకుని జాబితా రాయకండి. అవి తరచు పాతబడి ఉంటాయి.

మొదటి చోటు కంపోజర్ ఫైలు: పీహెచ్‌పీ ప్రాజెక్టు తనకు కావలసిన లైబ్రరీలు రాసుకునేది. అందులోని రిక్వైర్ భాగం డిపెండ్స్‌కు వస్తుంది. రిక్వైర్-డెవ్ భాగం పరీక్షలకే. బిల్డ్‌లో పరీక్షలు నడిపితే బిల్డ్-డిపెండ్స్‌లో పెట్టండి, లేకపోతే వదిలేయండి. పీకేజీ-పీహెచ్‌పీ-టూల్స్ అనే ఉపకరణం ఈ ఫైలు చదివి డెబియన్ పేర్లతో జాబితా తయారుచేస్తుంది. అది మంచి మొదలు, అంతకుమించి కాదు.

రెండో చోటు కోడ్. ఎంబీ అనే ఉపసర్గతో మొదలయ్యే ఫంక్షన్లు కనిపిస్తే పీహెచ్‌పీ-ఎంబీస్ట్రింగ్ కావాలి. డామ్‌డాక్యుమెంట్ కనిపిస్తే పీహెచ్‌పీ-ఎక్స్ఎంఎల్ కావాలి. బొమ్మల పరిమాణం మార్చే చోట పీహెచ్‌పీ-జీడీ, జిప్ ఫైళ్లు విప్పే చోట పీహెచ్‌పీ-జిప్. కంపోజర్ ఫైలులో ఇవి రాయని ప్రాజెక్టులు ఎన్నో ఉన్నాయి.

మూడో చోటును ఎక్కువమంది మరిచిపోతారు: కోడ్ బయట నుంచి పిలిచే ప్రోగ్రాములు. ఇమేజ్‌మ్యాజిక్, గిట్, సెండ్‌మెయిల్, క్రాన్. పీహెచ్‌పీలోని ఎగ్జెక్, ప్రాక్-ఓపెన్ వంటి పిలుపుల కోసం కోడ్ అంతా వెతకండి.

ఇప్పుడు ఏది ఏ గడిలోకి?

- లేకపోతే మొదటి పేజీ కూడా రాదంటే: డిపెండ్స్.
- మామూలు వాడకంలో దాదాపు అందరికీ కావాలంటే: రికమెండ్స్.
- ఒకరిద్దరికి పనికొచ్చే అదనపు సౌకర్యం అయితే: సజెస్ట్స్.

డేటాబేస్ సర్వర్‌ను డిపెండ్స్‌లో పెట్టకండి. చాలామంది డేటాబేస్‌ను వేరే యంత్రంలో నడుపుతారు. మీ ప్యాకేజీ వాళ్ల వెబ్ సర్వర్లో అనవసరంగా మరో డేటాబేస్‌ను దింపుతుంది. డేటాబేస్‌తో మాట్లాడే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ డిపెండ్స్‌లో ఉండాలి, సర్వర్ మాత్రం రికమెండ్స్ లేదా సజెస్ట్స్‌లో ఉండాలి.

ప్రత్యామ్నాయాలు రాసేటప్పుడు వరుస ముఖ్యం. నిలువు గీతతో వేరుచేసిన వాటిలో ఏదీ లేని యంత్రంలో ఏపీటీ సాధారణంగా మొదటిదాన్నే తెస్తుంది. డెబియన్‌లోని పీహెచ్‌పీ మెటాప్యాకేజీ (ఇతర ప్యాకేజీలను తెచ్చే ఖాళీ ప్యాకేజీ) మీద నేరుగా ఆధారపడితే, మరో వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్ వాడేవారి యంత్రంలోకి కూడా అపాచీ వచ్చి కూర్చోవడానికి ఇదే కారణం. పీహెచ్‌పీని విడి సేవగా నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంను ముందు రాసి, అపాచీ మాడ్యూల్‌ను తర్వాత రాయండి. కల్పిత ప్యాకేజీ (వేరే ప్యాకేజీలు అందించే ఉమ్మడి పేరు మాత్రమే) పేరు రాసేచోట దానికి ముందు నిజమైన ప్యాకేజీ పేరు ఒకటి ఉండాలి.

రాయడం అయ్యాక ఒకసారి రికమెండ్స్ లేకుండా ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఏపీటీ వాటిని అప్రమేయంగా తెస్తుంది కానీ, సర్వర్ నిర్వాహకుల్లో ఆ సదుపాయాన్ని ఆపేసేవారు తక్కువేమీ కాదు. అలాంటి చోట మొదటి పేజీ రాకపోతే రికమెండ్స్‌లోని ఏదో ఒకటి నిజానికి డిపెండ్స్‌లో ఉండాల్సింది.

4. వెర్షన్ పరిమితులను సరిగ్గా మార్చండి

కంపోజర్ గుర్తులు, డెబియన్ గుర్తులు ఒకటి కావు. కంపోజర్‌లో ^2.3 అంటే 2.3 లేదా ఆపైన, 3.0 కంటే తక్కువ. ~1.2.3 అంటే 1.2.3 లేదా ఆపైన, 1.3.0 కంటే తక్కువ. వెర్షన్ ఇంకా 1.0 చేరని లైబ్రరీకి లెక్క మారుతుంది: ^0.3 అంటే 0.4 కంటే తక్కువే.

డెబియన్‌లో అదే ~ గుర్తు వెర్షన్‌లో భాగం. 2.0~ఆర్‌సీ1 అనేది 2.0 కంటే చిన్నది. పై పరిమితిని 3 కంటే తక్కువ అని రాస్తే 3~బీటా వంటి ముందస్తు విడుదల లోపలికి జారిపోతుంది. 3~~ కంటే తక్కువ అని రాస్తే జారదు.

నా అభిప్రాయంలో పై పరిమితి ప్రతిదానికీ అక్కర్లేదు. లైబ్రరీ తన పాత ఇంటర్‌ఫేస్‌ను మారుస్తుందని తెలిసినప్పుడే పెట్టండి. ఊరికే పెడితే లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చిన రోజు మీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాకుండా పోతుంది, అసలు కోడ్‌లో ఏ ఇబ్బందీ లేకపోయినా.

పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ పేర్లలో 8.2 వంటి అంకెలు పెట్టకండి. అంకె లేని పేరు ఆ విడుదలలోని అప్రమేయ పీహెచ్‌పీని అనుసరిస్తుంది.

5. వెండార్ డైరెక్టరీ సంగతి తేల్చండి

మూల ప్రాజెక్టు టార్‌బాల్‌లో (కోడ్ మూటలో) తరచు వెండార్ డైరెక్టరీ ఉంటుంది, దానిలో పదుల కొద్దీ లైబ్రరీలు. వాటిని అలాగే ప్యాకేజీలోకి నెడితే పని త్వరగా అయిపోతుంది. కానీ ఆ లైబ్రరీల్లో ఒకదానిలో భద్రతా లోపం బయటపడినప్పుడు వ్యవస్థలోని లైబ్రరీకి మరమ్మతు అందుతుంది, మీ లోపలి నకలుకు అందదు.

ప్రతి లైబ్రరీకీ ఈ వరుసలో ప్రయత్నించండి:

- వ్యవస్థలో ఇప్పటికే ప్యాకేజీగా ఉంటే దానిమీద ఆధారపడండి. లోపలి నకలును తీసేయండి.
- లేకపోతే, ఇతర సాఫ్ట్‌వేర్‌కూ పనికొచ్చేదైతే, ముందు దాన్నే విడి ప్యాకేజీగా చేయండి.
- అది కూడా కుదరకపోతే నకలు ఉంచండి, కానీ దాని లైసెన్సు, హక్కుల వివరాలు కాపీరైట్ ఫైలులో రాయండి.

నకలు తీసేశాక ఆటోలోడర్ (క్లాసుల ఫైళ్లను వెతికి తెచ్చే కోడ్) విరిగిపోతుంది, ఎందుకంటే కంపోజర్ తయారుచేసిన దారులు వెండార్ లోపలికే చూపిస్తాయి. పీహెచ్‌పీఏబీ ఉపకరణంతో బిల్డ్ సమయంలో కొత్త ఆటోలోడర్ తయారుచేసి, వ్యవస్థ లైబ్రరీల ఆటోలోడ్ ఫైళ్లను అందులో కలపండి.

జావాస్క్రిప్ట్ విషయంలో మరో మెలిక ఉంది. కుదించిన ఫైలు మాత్రమే ఉండి మూలం లేకపోతే లింటియన్ (ప్యాకేజీలో తప్పులు వెతికే ఉపకరణం) అభ్యంతరం చెబుతుంది. మూలాన్ని సోర్సు ప్యాకేజీలో చేర్చి బిల్డ్‌లోనే కుదించండి, లేదా విడి ప్యాకేజీలోని ఫైలుకు లింకు ఇవ్వండి.

ఇక అప్‌గ్రేడ్‌లో మాత్రమే బయటపడే చిక్కు. పాత వెర్షన్‌లో నిజమైన డైరెక్టరీగా ఉన్నదాన్ని కొత్త వెర్షన్‌లో సింబాలిక్ లింకుగా మార్చారనుకోండి. డీపీకేజీ డైరెక్టరీని తీసేసి లింకు పెట్టదు. డైరెక్టరీ అలాగే ఉండిపోతుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవారికి పనిచేస్తుంది, అప్‌గ్రేడ్ చేసినవారికి విరుగుతుంది. డీపీకేజీ-మెయింట్‌స్క్రిప్ట్-హెల్పర్‌లోని డిర్-టు-సిమ్‌లింక్ దీనికోసమే ఉంది. డెబ్‌హెల్పర్ (ప్యాకేజీ బిల్డ్ పనులు చేసే ఉపకరణాల కట్ట) వాడేవారు మెయింట్‌స్క్రిప్ట్ ఫైలులో ఒక్క వరుస రాస్తే చాలు.

6. ప్రతి ఫైలుకూ తగిన చోటు చూపండి

అనుమతుల గొడవల్లో సగం నిజానికి చోటు గొడవలు. మూల ప్రాజెక్టు కోడ్, కాన్ఫిగరేషన్, అప్‌లోడ్లు, క్యాష్ అన్నీ ఒకే డైరెక్టరీలో కుక్కి, అంతటికీ రాసే అనుమతి ఇవ్వమంటుంది. ప్యాకేజీలో వాటిని విడదీయాలి (644 వంటి అంకెలు వరుసగా యజమానికి, గ్రూపుకు, ఇతరులకు ఉన్న హక్కులు: 4 చదవడం, 2 రాయడం, 1 నడపడం లేదా డైరెక్టరీలోకి ప్రవేశించడం):

- కోడ్, బొమ్మలు, స్టైల్ ఫైళ్లు: /యూఎస్‌ఆర్/షేర్ కింద. యజమాని రూట్ (సర్వ హక్కులున్న ఖాతా), ఫైళ్లకు 644, డైరెక్టరీలకు 755.
- కాన్ఫిగరేషన్: /ఈటీసీ కింద. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలుకు యజమాని రూట్, గ్రూపు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (వెబ్ సర్వర్ నడిచే ఖాతా), అనుమతి 640.
- వాడుకరుల అప్‌లోడ్లు, శాశ్వత డేటా: /వార్/లిబ్ కింద. యజమాని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, 750.
- క్యాష్: /వార్/క్యాష్ కింద. ఎప్పుడు తుడిచినా అప్లికేషన్ మళ్లీ తయారుచేసుకోగలగాలి.
- లాగ్‌లు: /వార్/లాగ్ కింద, అవి పెరిగిపోకుండా చూసే లాగ్‌రొటేట్ ఫైలుతో సహా.

కోడ్ లోపలి నుంచి అప్‌లోడ్ డైరెక్టరీకి సింబాలిక్ లింకు పెట్టడం ఒక దారి, కోడ్‌లోని దారిని ప్యాచ్‌తో మార్చడం మరో దారి. దారి ఒకే ఫైలులో నిర్వచించి ఉంటే ప్యాచ్ మంచిది. పది చోట్ల చెల్లాచెదురుగా ఉంటే లింకే నయం.

వెబ్ సర్వర్ రాయగలిగే చోట పీహెచ్‌పీ నడవకూడదు. ఇది నియమంగా పెట్టుకోండి. అప్‌లోడ్ డైరెక్టరీలో స్క్రిప్టులను ఆపే వరుసలు మీరిచ్చే అపాచీ, ఎన్‌జినెక్స్ కాన్ఫిగరేషన్ ఫైళ్లలోనే ఉండాలి. అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 ప్రమాదం కూడా ఇదే: అప్‌లోడ్‌లో ఒక చిన్న రంధ్రం దొరికినవాడికి మొత్తం కోడ్‌ను తిరగరాసే హక్కు చేతికిచ్చినట్లే.

7. అనుమతులను సరైన దశలో పెట్టండి

ఇన్‌స్టాల్ నియమంలో ఒక ఫైలుకు 640 పెట్టారు, ప్యాకేజీ విప్పి చూస్తే 644 ఉంది. చాలామంది గంటల కొద్దీ వెతికే చిక్కు ఇది.

కారణం డీహెచ్-ఫిక్స్‌పెర్మ్స్. బిల్డ్ చివర్లో నడిచే ఈ ఉపకరణం గ్రూపుకూ ఇతరులకూ రాసే హక్కు తీసేసి, చదివే హక్కు ఇస్తుంది. ప్రోగ్రామ్‌ను దాని యజమాని లేదా గ్రూపు హక్కులతో నడిపించే సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ బిట్లను కూడా తుడిచేస్తుంది. పాస్‌వర్డ్ ఫైలును అందరూ చదివేలా చేసేది కూడా ఇదే. కాబట్టి మీ ప్రత్యేక అనుమతులు దాని తర్వాతే పడాలి: రూల్స్ (బిల్డ్ అడుగులు రాసే) ఫైలులో ఎగ్జిక్యూట్-ఆఫ్టర్-డీహెచ్-ఫిక్స్‌పెర్మ్స్ లక్ష్యం రాయండి. ఆ తర్వాత డీపీకేజీ-డెబ్‌తో ప్యాకేజీలోని జాబితా తెరిచి కళ్లారా చూసుకోండి.

యాజమాన్యం మార్పు పోస్ట్‌ఇన్‌స్ట్‌లో చేయడం రివాజు. అక్కడ పాటించవలసిన వరుస ఇది:

- స్క్రిప్టు మొదట్లో సెట్-ఈ (కమాండ్ విఫలమైతే స్క్రిప్టును ఆపేది) పెట్టండి.
- మొదటి ఆర్గ్యుమెంటు కాన్ఫిగర్ అయినప్పుడే పని చేయండి.
- డీపీకేజీ-స్టాట్‌ఓవర్‌రైడ్ జాబితాలో ఆ దారి ఉందేమో చూడండి. ఉంటే నిర్వాహకుడు తన ఇష్టం చెప్పాడన్నమాట, తాకకండి.
- లేకపోతే యజమానిని, అనుమతిని ఆ ఒక్క డైరెక్టరీకే పెట్టండి.
- డెబ్‌హెల్పర్ టోకెన్ (డెబ్‌హెల్పర్ తన కోడ్ చేర్చే చోటు) ఉన్న వరుసను తీసేయకండి.

డైరెక్టరీ లోపలి ఫైళ్లన్నిటికీ ఒక్క దెబ్బలో యజమానిని మార్చే ఆప్షన్ వాడొద్దు. ఆ డైరెక్టరీలో వెబ్ సర్వర్ రాయగలదు; దాడి చేసినవాడు అక్కడ ముందే పెట్టిన హార్డ్ లింకు (అదే ఫైలుకు మరో పేరు) ద్వారా, రూట్ హక్కులతో నడిచే మీ స్క్రిప్టు వేరే ఫైలును అతడి పేరు మీద రాసిచ్చే ప్రమాదం ఉంది. లింటియన్ దీన్ని గుర్తించి హెచ్చరిస్తుంది కూడా.

ప్రత్యేక వాడుకరి కావాలంటే సిస్టమ్ ఖాతాగా పోస్ట్‌ఇన్‌స్ట్‌లో సృష్టించండి, యాడ్‌యూజర్ ప్యాకేజీని డిపెండ్స్‌లో చేర్చండి.

ఫెడోరా కుటుంబంలో వెబ్ సర్వర్ వాడుకరి పేరు అపాచీ. అక్కడ స్పెక్ (ప్యాకేజీ తయారీ వివరాలున్న) ఫైలులోని ఫైళ్ల జాబితాలోనే ఆట్రిబ్యూట్ మాక్రోతో యజమాని, గ్రూపు, అనుమతి రాస్తారు. విడి స్క్రిప్టు అక్కర్లేదు.

8. అనుమతి నిరాకరణను వెతికి పట్టండి

లాగ్‌లో దారి దొరికింది. ఇప్పుడు ఊహించకుండా అడుగులు వేయండి.

మొదట, ఆ ప్రక్రియ నిజంగా ఏ వాడుకరి పేరుతో నడుస్తోంది? పీఎస్ కమాండ్‌తో చూడండి. ఎఫ్‌పీఎం పూల్‌కు నిర్వాహకుడు వేరే వాడుకరిని పెట్టి ఉంటే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరుతో మీరిచ్చిన అనుమతులు పనికిరావు.

రెండోది, నేమై కమాండ్‌ను పొడవు జాబితా ఆప్షన్‌తో ఆ దారి మీద నడపండి. అన్నిటికన్నా పై డైరెక్టరీ (/) నుంచి ఫైలు దాకా ప్రతి డైరెక్టరీ యజమాని, అనుమతి ఒకే చోట కనిపిస్తాయి. ఫైలుకు 644 ఉన్నా పైన ఒక డైరెక్టరీకి 700 ఉంటే లోపలికి వెళ్లలేరు.

మూడోది, సూడో కమాండ్‌తో అదే వాడుకరిగా మారి ఆ ఫైలు చదవడానికి ప్రయత్నించండి. ఇక్కడ చదవగలిగి వెబ్ సర్వర్ నుంచి మాత్రం చదవలేకపోతే, మామూలు అనుమతుల్లో తప్పు లేదు. పైనున్న మరో కాపలాను చూడాలి:

- ఎస్ఈలైనక్స్ (ఫెడోరా కుటుంబంలోని అదనపు భద్రతా పొర): రాయాల్సిన డైరెక్టరీకి హెచ్‌టీటీపీడీ రీడ్-రైట్ కంటెంట్ రకం ఉందా? ఎస్ఈమేనేజ్‌తో నియమం చేర్చి, రిస్టోర్‌కాన్ నడపండి. ఎస్ఈలైనక్స్‌ను ఆపేయడం పరిష్కారం కాదు.
- యాప్‌ఆర్మర్ (డెబియన్, ఉబుంటులో అలాంటిదే): కెర్నెల్ లాగ్‌లో నిరాకరణ వరుసలు వెతకండి.
- పీహెచ్‌పీ ఓపెన్-బేస్‌డిర్ (పీహెచ్‌పీ తెరవగల డైరెక్టరీల జాబితా): లింకు చూపే అసలు దారి కూడా ఆ జాబితాలో ఉండాలి.
- సిస్టమ్‌డీ యూనిట్‌లోని ప్రొటెక్ట్‌సిస్టమ్, ప్రైవేట్‌టెంప్: రెండోది ఉంటే వెబ్ సర్వర్ చూసే తాత్కాలిక డైరెక్టరీ, మీరు చూసేది వేర్వేరు.

నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగితే ఇంకో అనుమానితుడు ఉన్నాడు. ఎవరో అప్లికేషన్ కమాండ్‌లైన్ ఉపకరణాన్ని రూట్‌గా నడిపారు. క్యాష్‌లో రూట్ పేరుతో ఫైళ్లు పుట్టాయి. వెబ్ సర్వర్ వాటిమీద రాయలేకపోయింది. క్రాన్ (నిర్ణీత సమయాల్లో పనులు నడిపేది) ఫైలులో వాడుకరి గడిలో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా రాయండి. ఉపకరణానికి చిన్న తొడుగు స్క్రిప్టు ఇచ్చి, రూట్‌గా పిలిచినా రన్‌యూజర్ ద్వారా తగిన వాడుకరికి మారేలా చేయండి.

9. అప్‌గ్రేడ్, తొలగింపు పరీక్షించండి

డైరెక్టరీ ఇప్పటికే ఉంటే డీపీకేజీ దాని అనుమతిని మార్చదు. కొత్త వెర్షన్‌లో 755ను 750గా మార్చినా పాత యంత్రాల్లో 755 అలాగే ఉంటుంది. పోస్ట్‌ఇన్‌స్ట్ రెండో ఆర్గ్యుమెంటులో పాత వెర్షన్ వస్తుంది. డీపీకేజీ వెర్షన్ పోలికతో, అంతకుముందు వెర్షన్ నుంచి వచ్చేవారికి మాత్రమే ఒకసారి సరిచేయండి.

/ఈటీసీలో ప్యాకేజీ తెచ్చిన ఫైళ్లను డెబ్‌హెల్పర్ తానే కాన్ఫ్‌ఫైళ్లుగా (అప్‌గ్రేడ్‌లో నిర్వాహకుడి మార్పులు కాపాడే ఫైళ్లుగా) నమోదు చేస్తుంది. వాటిని స్క్రిప్టుతో మార్చకండి. మారిస్తే అప్‌గ్రేడ్‌లో నిర్వాహకుడు తాను చేయని మార్పు గురించిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తుంది. స్క్రిప్టు తయారుచేసే ఫైళ్లకు యూసీఎఫ్, డేటాబేస్ వివరాలకు డీబీకాన్ఫిగ్-కామన్ వాడండి.

పర్జ్ (కాన్ఫిగరేషన్‌తో సహా పూర్తిగా తొలగించే) దశలో మీ డిపెండెన్సీలు అప్పటికే తొలగిపోయి ఉండవచ్చు. అత్యవసర ప్యాకేజీలు తప్ప మరేదీ ఉందని అనుకోవద్దు. యూసీఎఫ్ వంటివి పిలిచే ముందు అవి ఉన్నాయో లేదో పోస్ట్‌ఆర్‌ఎం (తొలగింపు తర్వాత నడిచే స్క్రిప్టు) చూసుకోవాలి.

విడుదలకు ముందు ఈ వరుసలో నడపండి:

- లింటియన్: హెచ్చరికలను అణచివేసే ముందు ప్రతిదాని వివరణ చదవండి.
- పియుపార్ట్స్: ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్, పర్జ్ మూడూ. మిగిలిపోయిన ఫైళ్లను ఇది పట్టుకుంటుంది.
- ఆటోపీకేజీటెస్ట్: మొదటి పేజీకి 200 (అంతా సరే అనే జవాబు) వస్తోందా, ఒక ఫైలు అప్‌లోడ్ అవుతోందా, అంతే. ఈ రెండు పరీక్షలే చాలా లోపాలను ఆపుతాయి.
- పాస్‌వర్డ్ ఫైలును నోబడీ వాడుకరిగా చదవడానికి ప్రయత్నించండి, కుదరకూడదు.
- కోడ్ డైరెక్టరీలో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాగా ఫైలు సృష్టించడానికి ప్రయత్నించండి, ఇదీ కుదరకూడదు.
- పోస్ట్‌ఇన్‌స్ట్‌ను వరసగా రెండుసార్లు నడపండి. రెండోసారి ఏమీ మారకూడదు, లోపమూ రాకూడదు.